నలభై ఏడో ల్యాపు

మా నాన్నా, బాబాయీ పదహారు రోజులు మాట్లాడుకోలేదు. కారణం అడిగినవాళ్ళకి చెప్పాలంటే నాకు సిగ్గేసేది. స్థలం తగాదా కాదు, పెళ్ళిలో మర్యాద తగ్గిందన్న అలకా కాదు. ఇప్పటిదాకా పుట్టిన రేసు డ్రైవర్లందరిలో ఎవడు గొప్పవాడు అన్న మాట దగ్గర అన్నదమ్ములిద్దరూ ముఖాలు తిప్పేసుకున్నారు.

నాన్న ఇరవై ఎనిమిదేళ్ళు రేసు కార్ల మెకానిక్కుగా పనిచేశాడు. ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డులో పాత మోటారు సైకిళ్ళు బాగుచేసుకుంటూ ఉంటాడు. నలభై ఏళ్ళ కిందటి ఛాంపియన్ ఒకాయనంటే నాన్న చెవి కోసుకుంటాడు. ఆయన ఎండైనా వానైనా కారు దిగగానే గోధుమరంగు స్వెట్టరు తొడుక్కునేవాడట. హెల్మెట్‌కి కూడా అదే రంగు వేయించుకున్నాడట. అందుకని లోకమంతా ఆయన్ని స్వెట్టరు అనే పిలిచేది. నాన్న పనిచేసింది ఆ స్వెట్టరు టీంలోనే.

బాబాయిది కళ్ళద్దాల దుకాణం. ఆయన మొక్కేది ఇప్పటి ఛాంపియన్‌కి. గెలిచినా ఓడినా ముఖంలో ఒక్క గీత కదలదు కాబట్టి అతన్ని మంచుముద్ద అంటారు. ఆదివారం మధ్యాహ్నాలు బాబాయి దుకాణం షట్టరు సగం దించి, లోపల టీవీలో రేసు పెట్టేవాడు. నాన్న వెళ్ళేవాడు. నేనూ వెళ్ళేదాన్ని. రేసు కన్నా వీళ్ళిద్దరి వాదన బాగుండేది.

"మీ స్వెట్టరు కాలంలో పోటీ ఏదన్నయ్యా? సగం కార్లు పొగలు కక్కుతూ దారిలోనే ఆగిపోయేవి. మిగిలిన నలుగురిలో మొదటివాడు గొప్పవాడా?" అనేవాడు బాబాయి, మెత్తటి గుడ్డతో అద్దాలు తుడుస్తూ.

"ఆగిపోకుండా చూసుకోవడం కూడా నడపడమేరా! మీవాడికి చెవిలో పదిమంది చెబుతుంటారు, ఇక్కడ నొక్కు, అక్కడ తగ్గించు అని. ఆ పదిమందినీ నోరు మూసుకోమని, అప్పుడు ట్రాకు చుట్టూ ఒక్క ల్యాపు తిప్పమను చూద్దాం."

"మీవాణ్ణి తెచ్చి ఈ స్టీరింగు ముందు కూర్చోబెట్టు. దాని మీద మీటలు లెక్కపెట్టేలోపు రేసు అయిపోతుంది."

ఇలా ఏళ్ళ తరబడి సాగింది. ఆ ఆదివారం మాత్రం బాబాయి నోరు జారాడు.

"ఆయన చివరి రేసు సంగతి తెలియనిదెవరికి? పక్కనున్న సొంత టీం వాడు దారిచ్చాడు, మీవాడు గెలిచాడు. నేనైతే ఆ ఫొటో గోడకి తగిలించుకోను."

మా ఇంట్లో నాన్న మంచం పక్క గోడకి ఒకే ఒక్క ఫొటో ఉంటుంది. మలుపులో ఒకే రంగు కార్లు రెండు, చక్రం పక్కన చక్రం. స్వెట్టరు చివరి రేసు, ఆఖరి ల్యాపుల్లో తన టీం వాణ్ణి దాటి ఛాంపియన్ అయిన క్షణం అది. బాబాయి మాటకి నాన్న ఇంతెత్తున లేస్తాడనుకున్నాను. లేచాడు కానీ వాదించడానికి కాదు. చెప్పులేసుకుని, చేతిలో కాఫీ కప్పుతో అలాగే ఇంటికి నడిచొచ్చేశాడు. బాబాయిగారి ఆ కప్పు కడిగి కిటికీలో పెడితే, తిరిగిచ్చే నాథుడు లేక అక్కడే ఉండిపోయింది. అమ్మా, పిన్నీ మాత్రం రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. మగవాళ్ళకి పని లేకపోతే ఇలాగే ఉంటుందని ఇద్దరూ తేల్చేశారు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇద్దరు పెద్దవాళ్ళని కలపాలనే మొదలుపెట్టాను గానీ, నిజం చెప్పాలంటే నాలుగో రోజుకే ఆ ఉద్దేశం పక్కకెళ్ళిపోయింది. ప్రశ్న నన్ను పట్టుకుంది. ఎప్పుడూ ఒకే ట్రాకు మీద, ఒకే రోజు ఎదురుపడని ఇద్దరిని పోల్చడం అసలు కుదురుతుందా?

గెలిచిన రేసుల సంఖ్య చూస్తే లాభం లేదు. ఆ కాలంలో ఏడాదికి పదిహేను రేసులుండేవి, ఇప్పుడు ఇరవై పైన. కారు మంచిదైతే మామూలువాడూ గెలుస్తాడు, కారు చెత్తదైతే మొనగాడూ వెనకబడతాడు. ఇద్దరు దర్జీలలో ఎవరి పనితనం ఎక్కువో తెలియాలంటే ఇద్దరినీ ఒకే మిషను మీద కుట్టమనాలి. రేసుల్లో అలాంటి ఏర్పాటు ఒకటి ముందే ఉంది. ప్రతి టీంకీ ఒకేలాంటి కార్లు రెండు, డ్రైవర్లు ఇద్దరు. కాబట్టి ఒక డ్రైవరుకి అసలైన కొలత పక్క కారులో కూర్చున్న తన టీం వాడే.

అక్కణ్ణుంచి దారి దొరికింది. స్వెట్టరు పక్క కారు నడిపినవాణ్ణి అందరూ రెండో నంబరు అనేవాళ్ళు. కారు మీద అంకె అదే, జీవితంలో చోటూ అదే. స్వెట్టరు తప్పుకున్న తర్వాత రెండో నంబరు పక్కకి ఇరవై ఏళ్ళ కొత్త కుర్రాడొకడు వచ్చాడు. పత్రికలు వాడికి గడుగ్గాయి అని పేరు పెట్టాయి. ఆ గడుగ్గాయే నలభై దాటినా రేసులు వదలకుండా చివర్లో మరో టీంలో చేరితే, పక్క కారులోకి వచ్చిన కొత్తవాడు మన మంచుముద్ద. అంటే స్వెట్టరు నుంచి మంచుముద్ద దాకా మధ్యలో ఇద్దరే మనుషులు! ఆ సంగతి కనిపెట్టిన రోజు స్టాఫ్ రూములో నాకు నేనే గట్టిగా నవ్వుకుంటే, డ్రాయింగు మాస్టారు అదోలా చూశారు.

రెండు వారాలు పాత పత్రికలు తిరగేశాను. ఇద్దరూ పూర్తి చేసిన రేసులు మాత్రమే తీసుకుని, ఎవరు ముందు వచ్చారో గీతలు గీసుకున్నాను. గడుగ్గాయి మీద మంచుముద్దది స్పష్టంగా పైచేయి. గడుగ్గాయి మీద రెండో నంబరుదీ దాదాపు అంతే పైచేయి. అంటే మంచుముద్దా, రెండో నంబరూ ఇంచుమించు సమానం. ఇక మిగిలింది స్వెట్టరు, రెండో నంబరు. వాళ్ళిద్దరూ చివరిదాకా వచ్చిన రేసులు పదకొండే. ఆరింట్లో స్వెట్టరు ముందు, ఐదింట్లో రెండో నంబరు ముందు. అలా లెక్క కడితే నలభై ఏళ్ళ అవతలి స్వెట్టరు మంచుముద్ద కన్నా వెంట్రుకవాసి పైన తేలాడు.

ఆ ఆరింట్లో ఒకటి, గోడ మీద ఫొటో ఉన్న రేసు.

ఆ సాయంత్రం నాన్న షెడ్డులో కార్బొరేటరు విప్పి, చిన్న చిన్న భాగాల్ని పెట్రోలు తొట్టెలో పళ్ళు తోమే బ్రష్షుతో కడుగుతున్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని నోటు పుస్తకం తెరిచి మొత్తం చెప్పాను. గెలిచాడని చెబితే పొంగిపోతాడనుకున్నాను. ఆయన బ్రష్షు ఆపి అంతా విన్నాడు.

"అయితే ఆ ఒక్క రేసు మీదే నిలబడిందా నీ లెక్క?"

"దాదాపు అంతే నాన్నా."

"దాన్ని తీసేస్తే?"

"ఐదూ ఐదూ. సమానం."

"తిరగేస్తే?"

"తిరగేస్తే మంచుముద్దే పైన. కానీ ఎందుకు తిరగేయాలి? గెలిచింది ఆయనే కదా."

నాన్న చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"తిరగేసెయ్ తల్లీ," అన్నాడు. "ఆ బోర్డు పట్టుకున్నది నేనే."

అప్పట్లో డ్రైవర్లకి చెవుల్లో మాటలు వినపడే ఏర్పాటు లేదు. ఏదైనా చెప్పాలంటే ట్రాకు పక్కన గోడ దగ్గర మెకానిక్కు నిలబడి పెద్ద నల్ల అక్షరాలున్న తెల్ల బోర్డు చూపించేవాడు. ఆ రోజు రెండో నంబరు ముందున్నాడు. వెనక స్వెట్టరు తరుముకొస్తున్నాడు. యాభై ల్యాపుల రేసు. స్వెట్టరు గెలిస్తే ఛాంపియన్, రెండో స్థానంలో వస్తే కాదు. మేనేజరు నాన్న చెవి దగ్గరికొచ్చి 'దారివ్వు' అని బోర్డు పెట్టమన్నాడు.

"నలభై ఏడో ల్యాపు మొదట్లో చూపించాను. మళ్ళీ నలభై ఎనిమిది మొదట్లో చూపించాను. నలభై ఎనిమిదిలోనే స్వెట్టరు దాటేశాడు," అన్నాడు నాన్న. "అందరూ ఎగిరి గంతులేశారు. నేనూ వేశాను. బోర్డు చేతిలోనే ఉంది."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? ఆ ఫొటో నేనెందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. రోజూ చూస్తే ఏదో ఒక రోజు నిజంగా దాటినట్టు కనబడుతుందేమో అనుకున్నాను."

నేను బాబాయికి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వచ్చాడు. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, "అన్నయ్యా, ఆ రోజేదో నోటికొచ్చినట్టు వాగాను, మనసులో పెట్టుకోకు," అన్నాడు.

"నువ్వన్నది నిజమేరా. అందుకే లేచొచ్చేశాను," అన్నాడు నాన్న, బోర్డు సంగతి చెప్పాడు.

బాబాయి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. గెలిచినట్టే కదా ఆయన. గెలిచినవాడి సంతోషం మాత్రం ముఖంలో లేదు. తల గోక్కుంటూ అన్నాడు: "సరే, బోర్డు పట్టుకున్నవాడివి నువ్వు చెప్పావు. మరి దారిచ్చినవాడు ఏమంటాడు? అతన్నెవరైనా అడిగారా?"

నాన్నా, నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. నలభై ఏళ్ళలో ఎవరూ అడగలేదు.

రెండో నంబరు బతికే ఉన్నాడు. మాకు రెండు గంటల దూరంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. మరుసటి శనివారం బాబాయి కారులో ముగ్గురం బయల్దేరాం. దారంతా నాన్న ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బాబాయి రెండుసార్లు మంచుముద్ద ఊసెత్తబోయి నీళ్ళు నమిలాడు.

డ్రైవింగ్ స్కూలంటే పెద్ద ఖాళీ స్థలం, వరసగా పెట్టిన ఇనప పీపాలు, ఒక మూల గది. ఒకావిడ చిన్న లారీని పీపాల మధ్యనుంచి వెనక్కి పోనిస్తోంది. పక్కనే నడుస్తూ, "అద్దంలో చూడమ్మా, నన్ను కాదు. నేనెక్కడికీ పోను," అంటున్నాడు బక్కపలచటి పెద్దమనిషి. దళసరి కళ్ళద్దాలు, చెవుల మీదికి తెల్లజుట్టు. ఆవిడ పీపాని ఒకదాన్ని పడగొట్టింది. ఆయన దాన్ని మళ్ళీ నిలబెట్టి, "మంచిది. ఇప్పుడు లారీ వెనక భాగం ఎక్కడుందో నీకు తెలిసింది," అని మా వైపు వచ్చాడు.

నాన్నని చూసి ఆగాడు. కళ్ళు చికిలించాడు. "ఎవరో తెలిసినవాళ్ళలా ఉన్నారు. ఏదీ, ఒక్క మాట మాట్లాడండి."

"నేనే సార్. మెకానిక్కుని."

"ఓహో, ఎర్ర చొక్కా!" ఆయన ముఖం విప్పారింది. "గొంతు వింటేనే నువ్వు నాకు తెలుస్తావయ్యా. రా, రండి లోపలికి."

గదిలో బల్ల మీద టీ గ్లాసులు పెట్టాక నాన్న ఎలా మొదలుపెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. చివరికి నేనే అందుకున్నాను. మా ఇంట్లో గొడవా, నా లెక్కా, ఆ లెక్క ఒక్క రేసు మీద వచ్చి ఆగిన సంగతీ చెప్పాను. "ఆ రోజు మీరు దారిచ్చారా సార్?" అని అడిగాను.

ఆయన నావైపు కాదు, నాన్నవైపు చూశాడు. "బోర్డు మీద రాసింది అదేనా? దారివ్వు అనా?"

"మీకు తెలియదా?" అన్నాడు నాన్న.

"రేసయ్యాక తెలిసింది. మేనేజరు వచ్చి కౌగలించుకుని, మాట విన్నందుకు మెచ్చుకున్నాడు. ఏ మాటో నాకు అర్థం కాలేదు." ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అవి లేకపోతే ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. "నాకు బోర్డు మీద రాత ఎప్పుడూ కనపడలేదయ్యా. ఒక్క రేసులో కూడా. తెల్లటి మరకా, దాని వెనక ఎర్రటి మరకా కనపడేవి. ఎర్ర మరక నువ్వు."

బాబాయి కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటే మీకు చూపు..."

"దూరపు చూపు లేదు. పదిహేనో ఏట నుంచీ."

"మరి డాక్టరు పరీక్ష ఎలా దాటారు?"

"నా ముందు వెళ్ళినవాడు అక్షరాలు పైకి చదువుతుంటే తలుపు బయట నిలబడి విని బట్టీ పట్టాను. ఏటా అదే చార్టు పెట్టేవాళ్ళు పాపం."

నాకు ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చాయి. "ఆ వేగంలో మలుపులు ఎలా తెలిసేవి?"

"లెక్కపెట్టుకోవడమే. పచ్చ మరక వస్తే చెట్లు, అక్కడ మూడో గేరు. తర్వాత బూడిదరంగు, అది వంతెన. గోడ దగ్గరికొస్తే ఇంజను మోత తిరిగొచ్చి చెవికి తగులుతుంది. మోత పలచబడగానే గోడ అయిపోయిందన్నమాట, అక్కడ తిప్పాలి. నాకు అదేమంత గొప్పగా అనిపించేది కాదమ్మాయ్. ట్రాకు నాకు మొదటి నుంచీ అలాగే కనపడింది."

"ఎప్పుడు మానేశారు?"

"కళ్ళద్దాలు పెట్టుకున్న వారంలో. ఒక్కసారి అవి పెట్టుకుని ట్రాకు మీదికి వెళ్ళాను. గోడలు అంత దగ్గరగా ఉన్నాయని అప్పుడే తెలిసింది. గోడ వెనక పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ మనుషులు కనపడ్డారు, వాళ్ళ ముఖాలతో సహా. కారు మెల్లగా తెచ్చి షెడ్డులో పెట్టి, తాళం ఇచ్చేశాను."

ఆయన సొరుగు లాగి అడుగునుంచి పాత డబ్బా తీశాడు. ఆ మొదటి జత కళ్ళద్దాలు ఇంకా ఉన్నాయి. బాబాయి వాటిని చేతిలోకి తీసుకున్నాడు. కంటికి దూరంగా పట్టుకుని, గోడ మీది క్యాలెండరు అంచుని వాటిలోంచి చూస్తూ అటూ ఇటూ కదిపాడు. దుకాణంలో ఆయన అలా చెయ్యడం చాలాసార్లు చూశాను. అద్దం కదిలినప్పుడు లోపల గీత ఎటు జరుగుతుందో చూసి నంబరు చెప్పేస్తాడు.

"మైనస్ రెండున్నర. కాస్త అటూ ఇటూ," అన్నాడు. "అన్నయ్యా, బోర్డు మీద అక్షరం ఎంత ఎత్తు?"

"జానెడుండేది."

బాబాయి మనసులో ఏదో లెక్కేసుకున్నాడు. "ఈ కళ్ళతో ఆ అక్షరాలు తెలియాలంటే కారు బోర్డు దగ్గరకొచ్చి ఆగాలి. ఆ వేగంలో అసాధ్యం. ఈయన చెప్పేది నిజమే."

"మరి నేను బోర్డు చూపించినప్పుడు మీరేమనుకున్నారు?" అన్నాడు నాన్న.

"నువ్వు ఊరికే బోర్డు ఎత్తే మనిషివి కావు. అంతసేపూ ఎత్తనివాడివి అప్పుడెత్తావంటే, వెనకవాడు మీదికొచ్చేస్తున్నాడు, త్వరపడు అంటున్నావనుకున్నాను. అందుకని ఉన్న బలమంతా పెట్టి తొక్కాను." ఆయన నవ్వాడు. "అయినా దాటేశాడు. చెట్ల మలుపు దగ్గర, నేను దారి మూసేశాననుకున్న చోట, లేని సందు చేసుకుని వెళ్ళిపోయాడు. అలా నన్నెవరూ అంతకుముందు దాటలేదు, ఆ తర్వాతా దాటలేదు."

బయట లారీ గేరు మార్చిన మోత, వెనకే పీపా పడ్డ చప్పుడు.

"ఈ మాట ఆయనకి చెప్పారా?" అని నేనే అడిగాను.

రెండో నంబరు తల అడ్డంగా ఊపాడు. "చెబితే చూపు లేదని చెప్పాలి. చెబితే మర్నాటి నుంచి కారు లేదు. మేనేజరు అందరికీ నేను దారిచ్చానని చెప్పుకున్నాడు. స్వెట్టరుకీ చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన నాకు కప్పు తెచ్చిచ్చి, 'ఇది నీది' అన్నాడు. నేను పుచ్చుకోలేదు. నాది కాదని మాత్రం అన్నాను, ఎందుకు కాదో చెప్పలేదు. ఆయన రేసులు మానేశాడు. నేను మానేశాక చెబుదామనుకున్నాను. ఇవాళ రేపూ అని వాయిదా వేస్తుంటే పదకొండేళ్ళ కిందట ఆయన పోయాడని పత్రికలో చదివాను."

నాన్న బల్ల మీద ఆయన చేతి మీద చెయ్యి వేశాడు. "నా మీద జాలితో ఈ మాట అనడం లేదు కదా?" అన్నాడు.

"నీ మీద జాలేమిటయ్యా? నా మాట నమ్మకు. ఆ రోజు ల్యాపు ల్యాపుకీ టైము రాసినవాళ్ళుంటారు. కాగితాలు ఎక్కడో ఉండి తీరాలి. వెతుక్కో."

లేచేముందు, నేను వచ్చిన పని అడక్కుండా ఉండలేకపోయాను. స్వెట్టరుతోనూ, గడుగ్గాయితోనూ ఒకే రకం కారులో పోటీపడ్డవాడు లోకంలో ఆయనొక్కడే. "మీ లెక్కలో ఎవరు గొప్ప సార్?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "స్వెట్టరంటే నాకు అద్దంలో గోధుమరంగు మరక. గడుగ్గాయంటే ఎడమ చెవిలో గోల. ఇద్దరినీ నేను సరిగ్గా చూడనే లేదమ్మాయ్. టీవీలో మీ మంచుముద్దని మాత్రం బాగా చూస్తున్నాను, అద్దాలున్నాయి కాబట్టి. చూసినవాణ్ణీ, చూడనివాణ్ణీ ఎలా పోల్చను?" గుమ్మం దాకా వచ్చి మళ్ళీ అన్నాడు: "అయినా నీ లెక్క ఎలా కట్టావో ఓసారి చూపించవా? ఆ పదకొండూ ఏవేవో నాకు గుర్తులేదు."

పుస్తకం కారు మీద పరిచి మరో గంట అక్కడే నిలబడ్డాం. అందులో రెండు రేసుల్లో తన బ్రేకులు పోయాయని ఆయన, పోలేదు, గట్టిపడ్డాయంతే అని నాన్నా వాదించుకున్నారు.

తర్వాతి శుక్రవారం స్కూలు ఒంటిపూటే. నాన్నని తీసుకుని, ఆ చివరి రేసు జరిగిన పాత ట్రాకు ఆఫీసుకి వెళ్ళాను. మేడ మీద పొడుగాటి గదిలో ఇనప బీరువాలు. రికార్డులు చూసుకునే ఆవిడ సంవత్సరం అడిగి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దుమ్ము కొట్టుకుపోయిన కట్ట ఒకటి దించింది. "ఇవి అడిగినవాళ్ళు నేనొచ్చాక ఎవరూ లేరు. ఏం వెతుకుతున్నారు?" అంది. చెప్పాను. ఆవిడ కూడా కుర్చీ లాక్కుని మా పక్కనే కూర్చుంది.

టైపు కొట్టిన కాగితాలు, కార్బన్ నకళ్ళు. డ్రైవరుకో నిలువు వరస, ల్యాపుకో అడ్డ వరస. నాన్న తన కళ్ళజోడు పెట్టుకుని వేలు పెట్టుకుంటూ దిగాడు. రెండో నంబరు వరసలో నలభై నాలుగు, నిమిషం ముప్పై రెండు పాయింట్ ఆరు. నలభై అయిదు, ముప్పై రెండు పాయింట్ నాలుగు. నలభై ఆరు, ముప్పై రెండు పాయింట్ అయిదు. అక్కడ నాన్న వేలు ఆగింది. తర్వాతి గడిలోకి దిగడానికి భయపడుతున్నట్టు ఆగింది.

"నలభై ఏడు," అన్నాను నేను. "చదువు నాన్నా."

"ముప్పై ఒకటి... పాయింట్ తొమ్మిది."

నేను మొదటి ల్యాపు నుంచి వరసంతా చూశాను. యాభై ల్యాపుల్లో రెండో నంబరుకి అంతకన్నా వేగమైనది ఇంకొకటి లేదు. దారిమ్మని బోర్డు చూపించిన ల్యాపులో ఆ మనిషి ఆ రోజంతటిలోకీ వేగంగా నడిపాడు. పక్క వరసలో స్వెట్టరు అదే ల్యాపు ముప్పై ఒకటి పాయింట్ రెండు. ఆ తర్వాతది ముప్పై పాయింట్ తొమ్మిది. దాటింది అందులోనే, అందులో కూడా రెండో నంబరుది ముప్పై రెండు పాయింట్ సున్నా.

నేను కూడికలూ తీసివేతలూ చేసి చూపించాను. నలభై ఆరు అయ్యేసరికి ఇద్దరి మధ్యా ఒకటిన్నర సెకను పైన ఉంది. నలభై ఏడు అయ్యేసరికి సెకను కన్నా తక్కువ. నలభై ఎనిమిది చివర స్వెట్టరు ముందున్నాడు. ఎక్కడా ఎవరూ కాలు తియ్యలేదు.

నాన్న కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "నిజంగానే దాటాడు," అన్నాడు. రికార్డుల ఆవిడ అవునన్నట్టు తలూపి, మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపింది. "పాపం స్వెట్టరుకి తెలియకుండా పోయింది," అన్నాడు గ్లాసు అందుకుంటూ. ఏ లెక్కలోనూ అది సరిపడదు.

కొంతసేపటికి ఆయనే నా ఫోన్ అడిగి బాబాయికి కలిపాడు.

"ఒరేయ్, కాగితాలు చూశాం. దారివ్వలేదురా. తొక్కి నడిపాడు, అయినా మనవాడు దాటేశాడు."

అవతల బాబాయి గట్టిగా ఏదో అన్నాడు. సంతోషమేనని గొంతుని బట్టి తెలిసింది. ఆ వెంటనే, ఊపిరి కూడా తిప్పుకోకుండా, "అయితే మాత్రం! పదకొండు రేసులతో ఏం తేలుతుంది? మా మంచుముద్ద అదే ట్రాకు మీద వానలో నడిపింది ఆ కాగితాల్లో ఉందేమో చూడమను," అనడం నాకు కూడా వినపడింది.

నాన్న ఎదురుతిరుగుతాడనుకున్నాను. ఆయన రికార్డుల ఆవిడ వైపు తిరిగి, "ఏమమ్మా, పన్నెండేళ్ళ కిందట వాన పడ్డ రేసు ఒకటుంది. దానివీ ఉన్నాయా?" అని అడిగాడు. ఆవిడ ఇంకో బీరువా తెరిచింది. ఈసారి కాగితాలు కొత్తవి, మెరుస్తున్నాయి. నాన్న ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, మంచుముద్ద వరస మీద వేలు పెట్టాడు.

"చదువుతున్నా, విను. మొదటి ల్యాపు నిమిషం నలభై రెండు. రెండోది నలభై ఒకటి... ఇదేంట్రా, వాన పెరుగుతుంటే వీడు టైము తగ్గిస్తున్నాడు! మూడోది నలభై పాయింట్ ఎనిమిది. ఆగు, పక్కవాడిది చూడనీ. పక్కవాడు నలభై అయిదు." ఆయన వేలు వెనక్కి వెళ్ళి మళ్ళీ దిగింది. "ఇది ఎలా చేశాడ్రా? ఏ గేరులో వెళ్ళి ఉంటాడు చెట్ల మలుపులో?"

అవతల బాబాయి చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న కాగితం మీదనుంచి తలెత్తకుండా, "ఊఁ... ఊఁ..." అంటూ వింటున్నాడు. రికార్డుల ఆవిడ గడియారం చూసుకుని, ఆఫీసు మూసే వేళయిందని నాకు సైగ చేసింది. ఇంకో పది నిమిషాలని బతిమాలుకున్నాను.